పత్రికి పోయిన పొద

మా అపార్ట్‌మెంట్ల వెనక ప్రహరీగోడ దాటితే కాలవ ఉంటుంది. పేరుకే కాలవ. నల్లగా, చిక్కగా, కదలకుండా పడి ఉండే మురుగు అది. న్యూ టౌన్‌లో మాకు ఫ్లాట్ అమ్మినప్పుడు బిల్డర్ మనిషి దాన్ని వాటర్ వ్యూ అన్నాడు. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. ఎండాకాలం సాయంత్రం బాల్కనీ తలుపు తీస్తే ఆ కంపుకు వెంటనే మూసెయ్యాల్సిందే. అది చాలదన్నట్టు, లక్షలు పోసి ఫ్లాట్లు కొన్న మావాళ్ళే, పూజ చేసిన పూలూ కొబ్బరి చిప్పలూ పాలిథిన్ సంచుల్లో మూటగట్టి గోడ మీంచి అటు విసిరేస్తారు. దేవుడి పూలు చెత్తబుట్టలో వేస్తే పాపమట! మురుగులో వేస్తే ఏమీ కాదట.

ఆ కంపులోనే ఆ పొద ఉండేది.

దాన్ని నాకు చూపించింది పక్క టవర్‌లో ఉండే బెంగాలీ ఆవిడ. నేను దీదీ అని పిలుస్తాను. బళ్ళో జీవశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరయింది. ఒంటరి మనిషి. నేనూ సాల్ట్ లేక్‌లో ఒక ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయినదాన్నే. పొద్దున్నే నడవమని ఇద్దరికీ డాక్టర్లు చెప్పడంతో దారిలో కలిశాం. మా మాటలన్నీ బెంగాలీలోనే. నేను పుట్టి పెరిగింది ఈ బెంగాలీ ఊళ్ళోనే, టికియాపారా రైల్వే క్వార్టర్లలో. మా నాన్న శ్రీకాకుళం నుంచి వచ్చి రైల్వేలో ఖలాసీగా చేరాడు. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బళ్ళో బెంగాలీ, మా బతుకంతా అలాగే గడిచింది.

ఒకరోజు దీదీ, మేమంతా దాదా (అన్న) అని పిలిచే సెక్యూరిటీ అతని చేత వెనక గేటు తీయించి నన్ను కాలవ గట్టుకు తీసుకుపోయింది. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని వెళ్ళాను. బురదలో నడుమెత్తు పొద ఒకటి కనబడింది. సన్నగా పొడవాటి ఆకులు. అందులో చూడ్డానికేముంది అనిపించింది. దీదీ ఒక ఆకును పట్టుకుని, తుంచకుండా, వెనక్కి తిప్పింది. అడుగున వెండి పూత పూసినట్టుంది. కొమ్మల చివర చిన్న చిన్న గులాబీ రంగు పూలు గుత్తులుగా ఉన్నాయి. అంత కంపులో ఆ పూలేమిటా అని కొంగు తీసేసి వంగి చూశాను.

"లతా సుందరి," అంది దీదీ. పేరులో లత ఉంది గానీ తీగ కాదు. సుందరబనాల మడ అడవుల్లో, ఉప్పు నీటి పాయల ఒడ్డున పెరుగుతుందట. ఇప్పుడు అక్కడా తగ్గిపోతోందట. ఈ న్యూ టౌన్ కట్టకముందు ఇక్కడంతా బురదా చేపల చెరువులే. ఆ రోజుల నుంచి ఎలాగో మిగిలిపోయిన పొద ఇది అని ఆవిడ నమ్మకం.

"మీ గోదావరి సముద్రంలో కలిసే చోట కూడా ఉంది, తెలుసా?" అంది.

"మాది గోదావరి కాదు దీదీ, శ్రీకాకుళం. ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

"మాకు మీరంతా మద్రాసీలే," అని నవ్వింది.

దీదీ వాళ్ళ నాన్న ఊరు సుందరబనాల వైపే. చిన్నప్పుడు సెలవుల్లో వెళితే, పడవ దిగే చోట గట్టు పొడవునా ఈ పొదలే ఉండేవట. రొయ్యల చెరువుల కోసం ఆ గట్లన్నీ చెక్కేశారు. ఇప్పుడు ఒక్క మొక్క లేదు. ఈ కాలవ పొద విత్తనాలతో మొక్కలు పెంచి, ఆ గట్టు మీద మళ్ళీ నాటాలని ఆవిడ కోరిక. ఇంకే కోరికా లేదు ఆ మనిషికి. తీర్థయాత్రల ఊసెత్తదు, నగల ఊసెత్తదు. ఊళ్ళో ఉన్న చిన్నాన్న కొడుకుతో మాట్లాడి గట్టు కూడా చూసిపెట్టుకుంది. కొమ్మలు కోసి నాటి చూసింది గానీ అవి కుళ్ళిపోయాయి. ఇక విత్తనమే దిక్కు. ఈ పొదేమో ఏటా పూస్తుంది, పూలు రాల్చేస్తుంది, కాయ మాత్రం నిలవదు.

పోయినేడు వానాకాలంలో నిలిచింది. రెండు బుగ్గలు దగ్గరికి నొక్కినట్టుండే బుల్లి కాయలు, ఆకుపచ్చవి. దీదీ వాటిని చూసి ఆ మురుగు గట్టు మీదే నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ముట్టుకోకు. పచ్చిది కోస్తే లోపల నీళ్ళే ఉంటాయి. గోధుమ రంగు తిరిగి తనంతట తను రాలాలి."

ఇంటికెళ్ళి మా ఆయనకు చెప్పాను. ఆయన పేపర్ లోంచి తల ఎత్తలేదు.

"ముందు కాళ్ళు కడుక్కో. ఇల్లంతా కంపు కొట్టీస్తంది."

"కాయలు నిలిసినాయండీ!"

"ఓసోస్, మనవడు పుట్టినట్టు సెప్తన్నావు," అన్నాడు. అని, పేపర్ కిందికి దించి, "ఎన్నేటి?" అని అడిగాడు. మా ఆయన అంతే.

దీదీ తన బాల్కనీలో మిష్టీ దొయి, అదే తీపి పెరుగు, తిన్న మట్టి ముంతలన్నీ కడిగి వరసగా పేర్చింది. కాలవ బురద తెచ్చి నింపింది. విత్తనం రాలడమే తరువాయి అన్నట్టు అవి కాచుక్కూర్చున్నాయి.

ఇక బోర్డు సంగతి. తలుచుకుంటేనే అసహ్యం పుడుతుంది. గోడ మీంచి చెత్త విసరొద్దు, ఆ గట్టు మీద అరుదైన పొద ఉంది అని దీదీ అపార్ట్‌మెంట్ కమిటీకి చెప్పుకుంది. అంతకు మించి ఒక్క మాట అడగలేదు. వాళ్ళు చెత్త ఆపారా? లేదు. పొదను కాపాడే కార్యక్రమం పెట్టారు! దాని ముందు సిమెంటు దిమ్మె కట్టి, "అరుదైన మొక్క, కాపాడుకుందాం" అని బెంగాలీలోనూ ఇంగ్లీషులోనూ బోర్డు నాటారు. దిమ్మెకు నీలం తెలుపు రంగులు కొట్టారు. ఈ ఊళ్ళో కదలకుండా నిలబడ్డ ప్రతిదానికీ ఆ రంగులు పడాల్సిందే కదా. రిబ్బన్ కట్టారు, కత్తిరించారు, మైకు పెట్టారు. కాలవ కంపుకు అందరూ ముక్కులు మూసుకుని, ఫోటో తీసేటప్పుడు మాత్రం వేళ్ళు తీసి పళ్ళు బయటపెట్టారు. వచ్చిన పెద్దమనిషి మెడలో దండ తీసి పొద మీద వేశాడు. ఆ బంతిపూల బరువుకు కొమ్మ వంగిపోయింది. వాళ్ళు అటు తిరగగానే దీదీ దండ తీసి పక్కన పెట్టింది.

"నాకు బోర్డు వద్దని చెప్పాను," అంది దారిలో. "ఎవరికీ తెలియకుండా ఉన్నన్నాళ్ళూ అది బాగానే ఉంది."

ఈ హడావిడికంతటికీ ముందున్నది మా అపార్ట్‌మెంట్ల తెలుగు సంఘం సెక్రటరీ. హైదరాబాదు నుంచి వచ్చాడు, సెక్టర్ ఫైవ్‌లో పెద్ద ఉద్యోగం, ఇద్దరు పిల్లల తండ్రి, అపార్ట్‌మెంట్ కమిటీలోనూ ఉన్నాడు. చెడ్డవాడని ఎవరూ అనరు, నేనూ అనను. ఎవరింట్లో జ్వరం వచ్చినా కారు తీస్తాడు. ప్రతి దాన్నీ ఈవెంట్ చెయ్యకుండా ఉండలేడు, అదొక్కటే జబ్బు.

మా సంఘం ఏటా కమ్యూనిటీ హాల్లో వినాయక చవితి చేస్తుంది. పత్రి తెచ్చే పని నాది. ఇరవై ఒక్క రకాల ఆకులు ఈ ఊళ్ళో ఎక్కడ దొరుకుతాయని కొత్తగా వచ్చిన ఆడపిల్లలు బెంగపడుతుంటే నాకు నవ్వొస్తుంది. టికియాపారాలో మా చిన్నప్పుడు రైలు పట్టాల పక్కన దొరకనిదేది? ఉత్తరేణి, జిల్లేడు, ఉమ్మెత్త, గరిక, అన్నీ అక్కడే. చవితి ముందురోజు మా అమ్మ చేటతో బయల్దేరేది. ఆకు తుంచే ముందు ప్రతి మొక్కకూ దండం పెట్టేది. ఏ మొక్క దగ్గరా గుప్పెడు మించి కోసేది కాదు. ఇరవై ఒకటీ ఏనాడూ పూర్తయ్యేవి కావు. ముఖ్యంగా గండకీ పత్రం. అదేమిటో ఎవరికీ తెలీదు. ఒక పుస్తకంలో ఒక చెట్టంటారు, ఇంకో పుస్తకంలో ఇంకోటంటారు. పురోహితుణ్ణి అడిగితే దగ్గుతాడు.

"అది లేకపోతే ఎలాగే అమ్మా?" అంటే మా అమ్మ కసిరేది.

"దొరికినయ్యి ఎయ్యి. దొరకనయ్యికి అచ్చింతలెయ్యి. ఆయనేటి, కూకుని లెక్కెట్టుకుంటాడేటి?"

నేనూ అలాగే చేసేదాన్ని. ఇప్పటికీ టికియాపారాలోనే ఉన్న మా చెల్లెలింటికెళ్ళి, సంచి నింపుకుని, బస్సులో వచ్చేదాన్ని. గండకీ దగ్గరికి రాగానే అందరి చేతా అక్షింతలు వేయించేదాన్ని. పోయినేడు చవితి ముందు సెక్రటరీ ఫోన్ చేశాడు.

"ఆంటీ, ఈసారి మీరు గంత దూరం పోకండి. పిల్లలతోని పత్రి వాక్ పెడుతున్నం. పెద్ద రోడ్డు అవతల పార్కు ఉంది కదా, ఆడికి. పిల్లలు నేచర్‌కు దగ్గరైతరు. ఇరవై ఒకటికి ఇరవై ఒకటి తెస్తం, చూడండి."

"గండకీ కూడానా?"

"దొరుకుతది ఆంటీ. ఇప్పుడు ఫోన్‌ల ఫోటో తీస్తే చెట్టు పేరు అదే చెప్తది."

సరే, నా మోకాళ్ళకూ ఒక ఏడు విశ్రాంతి అనుకున్నాను. ఇంకో మాట కూడా చెప్పాడు. అరుదైన మొక్కను వెలుగులోకి తెచ్చినందుకు పూజ రోజున దీదీకి శాలువా కప్పుతారట. తీసుకురమ్మన్నాడు. దీదీ నసిగింది గానీ, నా ముఖం చూసి ఒప్పుకుంది.

పత్రి వాక్ సాయంత్రం కుండపోతగా వాన. పెద్ద రోడ్డు మీద మోకాలి లోతు నీళ్ళు. ఇక వాక్ లేదు, గీక్ లేదు, మర్నాడు అన్నిటికీ అక్షింతలే అనుకుని నేను ఉండ్రాళ్ళకు పిండి కలుపుకుంటూ కూర్చున్నాను.

చవితి పొద్దున వాన వెలిసింది. హాలుకు వెళ్ళే ముందు ఒకసారి కాయల్ని చూసి వద్దామంది దీదీ. ముందురోజే ఒకటి రెండు కాయలు రంగు తిరుగుతున్నట్టు కనిపించాయి. నేను పట్టుచీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని, ఆవిడ శాలువా కోసం కట్టుకున్న తెల్ల చీరలో, వెనక గేటు దాటాం.

పొద ఉన్న చోట కర్రలున్నాయి.

ఆకు లేదు, కాయ లేదు. కత్తెర్లతో కోసినట్టు తెలుస్తూనే ఉంది. చేతికందని కొమ్మల్ని లాగి విరిచారు, తొక్క వేలాడుతోంది. బురద నిండా చిన్న చిన్న చెప్పుల గుర్తులు. బోర్డుకు మాత్రం ఏమీ కాలేదు. దానికి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టారు. సిమెంటు దిమ్మె ముందు వానకు తడిసి ఆరిపోయిన అగరొత్తులు గుచ్చి ఉన్నాయి. ఆ బొట్టు చూశాకే నాకు సంగతి అర్థమయింది. దొంగలైతే ఇంత అసహ్యం వేసేది కాదు. దండం పెట్టి, క్షమించమని అడిగి, ఆచారంగా గొరిగి పోయారు. వాళ్ళెవరో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

దీదీ గేటు దగ్గర దాదాను అడిగింది. అతను నావైపు చూశాడు.

"కమిటీ వాళ్ళే పిన్నిగారూ. రోడ్డు మునిగి పార్కుకు పోలేక, వాన తగ్గాక గట్టు మీద ఆకులకని ఇటొచ్చారు. పిల్లల్ని కూడా తెచ్చారు. పూజకన్నారు. నేనెట్లా ఆపుతాను?"

"ఏ పూజ?" అంది దీదీ.

"ఇవాళ్టి పూజే," అన్నాను. "నువ్వు ఇంటికెళ్ళు దీదీ. నేను చూసుకుంటాను."

"వస్తాను. కాయలేం చేశారో చూడాలి," అంది.

హాలంతా మెరుపు కాగితాలు, స్పీకర్ల మోత. విగ్రహం ముందు వెదురు పళ్ళాల్లో ఆకులు సర్ది, ఒక్కోదానికీ పేరు రాసిన చీటీ గుచ్చారు. గండకీ అన్న చీటీ కింద, అడుగున వెండి పూత ఉన్న ఆకులు కుప్పగా ఉన్నాయి. సెక్రటరీ పట్టుపంచె సర్దుకుంటూ ఎదురొచ్చాడు.

"ఆంటీ, చూసిండ్రా? ఇరవై ఒకటి! ఒక్కటి గూడ తక్కువ లేదు!"

"ఇది గండకీ అని నీకెవరు చెప్పారు బాబూ?"

"ఫోన్‌ల పెడితే పేరు దొరకలేదు ఆంటీ. గప్పుడే అర్థమైంది. గండకీ ఏందో ఎవ్వరికి తెల్వదు కదా, దీని పేరు ఫోన్‌కు గూడ తెల్వదు. పైగా అరుదైన మొక్క అని బోర్డు మీద మనమే రాసినం. అరుదైంది కాబట్టే కదా ఇన్నేండ్లు దొరకలే!"

వాడి ముఖంలో ఎంత వెలుగో. పరీక్ష పాసయిన పిల్లాడి ముఖం. ఆ ముఖాన్ని ఏం చెయ్యాలో నాకు తెలియలేదు.

"కాయలేవి?"

"కాయలు పత్రిలకు రావు కదా ఆంటీ. రాత్రే ఏరి పారేసినం," అని మూలన ఉన్న నల్ల చెత్త సంచి చూపించాడు.

సంచి విప్పాను. నిన్నటి టీ కప్పులు, పులిసిన పులిహోర, అరటి తొక్కలు, ఎవరి పిల్లదో డైపరు. పట్టుచీరతో నేల మీద కూర్చుని చేతులు పెట్టి కెలికాను. పక్కన ఉన్న ఆడవాళ్ళు "అయ్యో ఆంటీ, చేతులు మైలపడతాయి, పూజ మొదలవుతోంది," అన్నారు. ఛీ, మైలట! కాయలు దొరికాయి, పులిహోర అంటుకుని. గుప్పెడు కూడా రాలేదు. కొంగుతో తుడిచి దీదీ చేతిలో పోశాను. ఆవిడ ఒకటి గోటితో చీల్చింది. నీళ్ళు. ఇంకోటి చీల్చింది. నీళ్ళే. అన్నీ చీల్చి చూసింది, రంగు తిరుగుతోందనుకున్నదాన్ని కూడా.

"కాఁచా," అంది. పచ్చివని.

అప్పుడే మైకులో ఆవిడ గురించి చెప్పారు. మన అరుదైన మొక్కను కాపాడిన మహిళ అని. చప్పట్లు. ఎవరో చెయ్యి పట్టుకుని వేదిక మీదికి తీసుకుపోయారు. శాలువా కప్పారు. పూజ నడుస్తూనే ఉంది. సెక్రటరీ మంచి మనసుతో, గండకీ ఆకు మొదట ఆవిడే వెయ్యాలని చేతిలో పెట్టాడు. "గండకీపత్రం పూజయామి" అన్నాడు పురోహితుడు. ఈసారి దగ్గలేదు.

దీదీ ఆ ఆకును వెనక్కి తిప్పి చూసుకుంది. తర్వాత జనంలో నన్ను వెతికి, బెంగాలీలో అడిగింది. "దీన్ని ఎక్కడ పెట్టాలి?"

నాలో ఏదో తెగింది. వేదిక ఎక్కి మైకు లాక్కున్నాను. సంఘం తెలుగు, పుస్తకాల తెలుగు అన్నీ పోయి మా టికియాపారా నోరు లేచింది.

"ఏటి పూజర్రా ఇది? ఏ దేవుడడిగినాడు మిమ్మల్ని? గుప్పెడు అచ్చింతలెయ్యడానికి సేతులు రాలేదేటి? ఆ పొద ఇంకోటి లేదిక్కడ! దాని కాయల కోసం ఈ మనిషి ముంతల్లో మట్టి పోసుకుని కూకుంది. ఆ కాయల్ని మీరు డైపర్లలో కలిపీసినారు. సిగ్గు నేదేటి మీకు?"

పిల్లలు నోళ్ళు తెరిచి చూశారు. సెక్రటరీ నా భుజం మీద మెల్లగా చెయ్యి వేశాడు.

"ఆంటీ, బీపీ పెంచుకోకండి. ఒక్క చెట్టే కదా. నర్సరీ నుంచి పది తెప్పిస్తం."

ఎవరో మైకు తీసుకున్నారు. పురోహితుడు తర్వాతి ఆకుకు వెళ్ళిపోయాడు. దీదీ ఆకును విగ్రహం దగ్గర పెట్టలేదు. పర్సులో వేసుకుని, మెట్లు దిగి, శాలువా మడిచి కుర్చీ మీద ఉంచి వెళ్ళిపోయింది. ఆవిడ దిగుతుంటే కూడా కొందరు చప్పట్లు కొట్టారు. నేనూ, ముందే వచ్చి కూర్చున్న మా ఆయనా ప్రసాదం తీసుకోకుండా వచ్చేశాం.

ఆ చలికాలానికి కర్రలు ఎండిపోయాయి. మొదలు దగ్గర చిగురు వస్తుందేమోనని నేను పోయి చూస్తూనే ఉన్నాను. రాలేదు. మళ్ళీ గోడ మీంచి పూజ పూల మూటలు వచ్చి పడుతున్నాయి, సరిగ్గా బోర్డు చుట్టూ. బోర్డుకు పోయిన దసరా ముందే కొత్తగా రంగు వేశారు.

దీదీ ఇప్పుడు వెనక గేటు వైపు రాదు. ముందు రోడ్డు మీద నడుస్తాం. పొద మాట ఆవిడా ఎత్తదు, నేనూ ఎత్తను. మొన్న వాళ్ళింటికి టీకి వెళితే బాల్కనీలో చూశాను. ఆ మట్టి ముంతల్లో పుదీనా వేసింది. బాగానే ఎదిగింది. వచ్చేటప్పుడు నాకూ ఒక కట్ట కోసిచ్చింది.

ఈ ఏడు చవితి దగ్గరపడింది. నేను సంఘం పనుల్లోకి పోవడం లేదు. అయినా నిన్న సెక్రటరీ నుంచి ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. "ఆంటీ, కాలవ పక్కన గండకీ ఈసారి కనబడుతలేదు. ఇంకో చెట్టు ఎక్కడన్న ఉందా? మీ ఫ్రెండ్‌ని అడిగి చెప్తారా?"

"లేదు. అక్షింతలు వేసుకోండి," అని పెట్టాను.

వెంటనే దండం పెట్టే బొమ్మ ఒకటి పంపించాడు.